నిమ్మళం, నివాంత్, చిల్ మార్: మా సిరొంచ జ్ఞాపకాలు

'చిల్ మార్' అనే మాట మా ఇంటికి నాగపూర్ హాస్టల్ నుంచి వచ్చింది. మా కాక కొడుకు అక్కడ ఇంజనీరింగ్ చదివేవాడు. 2000 దాటిన తొలి ఏళ్ళ సంగతి. వాడు పోలా పండుగకు ఇంటికొచ్చాడు. ఎడ్లను కడగాలి, కొమ్ములకు రంగులు వేయాలి, మెడలకు గంటలు కట్టాలి. నది అవతల నుంచి చుట్టాలు వస్తారు. వాన మాత్రం ఆగడం లేదు. నాయినమ్మ పొద్దున్నుంచి ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉంది. "ఎడ్లను ఇంకా కడగలే, పిండి ఇంకా పట్టియ్యలే" అని ఒకటే రంధి. వాడు మంచం మీద కాళ్ళు చాపుకుని "చిల్ మార్ నాయినమ్మా, చిల్ మార్" అన్నాడు.

ఆమె ఆగి వాడి వైపు చూసింది. "చిల్లగింజ ఎందుకురా బిడ్డా? గోళెంల నీళ్ళు తేటగనే ఉన్నయి గదా" అంది. అంటూనే గూట్లో ఉన్న డబ్బా తీసి ఒక గింజ వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మేమందరం నవ్వాం, ఆమె కూడా నవ్వింది. పండుగ అయిపోయి హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు ఆ గింజను వాడు బ్యాగులో వేసుకుని తీసుకుపోయాడు.

వాళ్ళిద్దరూ ఒకే సంగతి మాట్లాడుకున్నారని నేను ఇప్పుడు నమ్ముతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు చిల్లగింజ గురించి చెప్పాలి.

మా ఊరు సిరొంచ. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దు దగ్గర, ప్రాణహిత ఒడ్డున ఉంది. ఎగువన వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహిత అవుతాయి. మా ఊరు దాటాక కాళేశ్వరం దగ్గర అది గోదావరిలో కలుస్తుంది. వానాకాలంలో ఆ రెండు నదుల మట్టంతా మా ఊరి ముందు నుంచే పోతుంది. నీళ్ళు చాయ్ రంగులో ఉండేవి. బావులు కూడా బురద బారేవి. అప్పుడు ఇంటింటా చిల్లగింజలు బయటికి తీసేవాళ్ళు. అడవిలో దొరికే చిల్ల చెట్టు గింజ అది. కొన్ని చోట్ల ఇండుప గింజ అంటారు, సంస్కృతంలో కతకం. గరుకు రాయి మీద నాలుగు చుక్కలు నీళ్ళు పోసి గింజను అరగదీసి, వచ్చిన గంధాన్ని నీళ్ళు నిలవచేసే గోళెంలో కలిపి, మూత పెట్టి వదిలేయాలి. లేదా కుండ లోపలి అంచుకే రుద్దాలి. గింజలో ఉండే జిగురు పదార్థాలు నీళ్ళలోని సన్నటి మట్టి రేణువులను ఒకదానికొకటి అంటుకునేలా చేస్తాయి. అవి బరువెక్కి అడుగుకు చేరతాయి. పైన తేట నీరు మిగులుతుంది. సుశ్రుత సంహితలో కూడా మురికి నీటిని తేర్చడానికి కతకం గింజను చెప్పారు.

కానీ నాకు గింజ కన్నా నాయినమ్మ పెట్టే షరతు ఎక్కువ గుర్తుంది. గంధం కలిపాక గోళెం దగ్గరికి పిల్లల్ని రానిచ్చేది కాదు. చెంబు ముంచితే కేక వేసేది. "దాన్ని కదపకుర్రి, నిమ్మళం కానియ్యిర్రి" అనేది. ఏడ్చే పిల్లను ఒళ్ళో వేసుకున్నప్పుడూ అదే మాట. జ్వరం తగ్గితే "జెరం నిమ్మళించింది" అనేవాళ్ళు. కోపంతో ఊగిపోయే మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి "జర నిమ్మళంగ కూసో" అనేవాళ్ళు. పంట చేతికొచ్చి, అప్పు తీరి, మనిషి కాస్త తెరిపిన పడ్డప్పుడు "ఇప్పుడు నిమ్మళంగున్నడు" అనేవాళ్ళు. నీళ్ళకూ ఒంటికీ మనసుకూ ఒకటే మాట సరిపోయేది. సంస్కృతం 'నిర్మల' ప్రాకృతంలో 'నిమ్మల' అవుతుంది. మా నిమ్మళం అక్కడిదేనని మా తాత నమ్మకం. గోళెం పక్కన కూర్చుని పెరిగిన నాకు ఆ నమ్మకం మీద అనుమానం ఎప్పుడూ రాలేదు.

మా ఊరు మహారాష్ట్రలో ఎందుకుంది, మేం తెలుగు ఎందుకు మాట్లాడతాం అని బయటివాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. త్వరగా చెప్పేస్తాను. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్ళకు వదిలేశాడు. సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా అని ఒకటి ఏర్పడింది. 1874లో దాన్ని ఎత్తేసి సిరొంచను చాందా జిల్లాలో కలిపారు. అదే ఇప్పటి చంద్రపూర్. తర్వాత మేమున్న సెంట్రల్ ప్రావిన్సెస్ పోయి మధ్యప్రదేశ్ వచ్చింది. 1956లో విదర్భతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చాం. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా అయింది. మా తాత ఉన్న ఇల్లు మారలేదు, ఇంటి ముందు నది మారలేదు, ఇంట్లో భాష మారలేదు. జిల్లా కేంద్రం మాత్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరం. మధ్యలో అహేరి, ఆలాపల్లి, వాటి చుట్టూ టేకు అడవి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, అడవి ఊళ్ళ నుంచి సంతకు వచ్చేవాళ్ళది మాడియా అనే గోండు భాష. అలసిపోయిన మనిషికి ఊరట చెప్పడానికి మా ఊళ్ళో ఇన్ని భాషలు ఉండేవి.

మరాఠీ మాట నాకు బడిలో దొరికింది. మాకు జిల్లా పరిషత్ బడిలో ఒక గురుజీ ఉండేవారు. ఎగువ వైనగంగ వైపు మనిషి, తెలుగు రాదు. మా పిల్లల్లో చాలామందికి ఒకటో తరగతిలో మరాఠీ రాదు. ఇద్దరి మధ్యా మొదట్లో సైగలే నడిచేవి. పరీక్ష రోజు మేం బెంబేలు పడి పలకలు మార్చుకుంటూ, బలపాలు వెతుక్కుంటూ గోల చేస్తుంటే ఆయన బెత్తం ఎత్తేవారు కాదు. రెండు చేతులూ కిందికి ఆనిస్తూ "నివాంత్ బసా, నివాంత్" అనేవారు, ప్రశాంతంగా కూర్చోండి అని. ఆ చేతుల కదలిక చూసే మాకు అర్థం తెలిసింది. మా నాయినమ్మ గోళెం మీద మూత పెట్టినప్పుడు చేతులు అలాగే ఉండేవి.

పై తరగతుల్లో ఉన్నప్పుడు ఆయనే ఒకరోజు ఆ మాట గురించి చెప్పారు. 'నివాత' అంటే గాలి లేని చోటు అన్నారు. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానంలో ఉన్న మనసును గాలి లేని చోట కదలకుండా ఉన్న దీపంతో పోలుస్తారు. ఆ నివాతమే మరాఠీలో నివాంత్ అయిందని ఆయన మాకు చెప్పారు. మాకు ఆ శ్లోకం అర్థమయ్యే వయసు కాదు. కానీ దీపం సంగతి బాగా తెలుసు. సాయంత్రం కరెంటు పోతే కందిలి పెట్టుకుని చదివేవాళ్ళం. వానగాలికి మంట ఎగిరెగిరి పడి గ్లాసు మసిబారేది. అమ్మ దాన్ని తీసుకెళ్ళి గోడ మూలకు పెట్టేది. మంట నిలబడేది, పుస్తకంలో అక్షరాలు నిలబడేవి. మర్నాడు గురుజీకి అది చెప్పాను, నాకున్న అరకొర మరాఠీలో. ఆయన క్లాసంతటికీ మళ్ళీ నాచేత చెప్పించారు. ఒక మరాఠీ మాట నాది అనిపించడం అదే మొదలు.

ఆరాం అనే మాట కూడా ఉండేది. పారసీ నుంచి వచ్చి, అన్ని భాషల్లోనూ తిరిగే మాట. ఎస్టీ బస్సు (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు) కండక్టర్ "ఆరాంసే, ఆరాంసే" అంటూ ముసలివాళ్ళను దించేవాడు. అది అందరిదీ కాబట్టి మాకు దాని మీద ప్రత్యేకమైన ప్రేమ లేదు.

ఈ మాటలన్నీ ఒకేచోట వినాలంటే పడవల రేవుకు వెళ్ళాలి. మా అమ్మమ్మ ఊరు నది అవతల, మహదేవపూర్ దిక్కు. ఇప్పుడు కాళేశ్వరం దగ్గర గోదావరి మీద పెద్ద వంతెన ఉంది. కారులో ఎక్కితే పాట పూర్తయ్యేలోపు అవతలి ఒడ్డు వస్తుంది. అప్పుడు పడవే దిక్కు. ఎండాకాలంలో అయితే ముందు ఇసుకలో చాలా దూరం నడవాలి, కాళ్ళు కాలిపోయేవి. ఒడ్డున చెట్టు కింద నీడలో కూర్చుని పడవ నిండేదాకా చూడాలి. నిండకుండా పడవ కదలదు. ఎవరైనా తొందరపెడితే పడవ నడిపే తాత ఒకటే జవాబు చెప్పేవాడు. "నిమ్మళంగ కూసోర్రి. నిండినంక పోదాం."

ఆ నీడలో ఎవరెవరు ఉండేవాళ్ళో చెప్తే మా ఊరు మొత్తం తెలుస్తుంది. మిర్చి ఏరడానికి అవతలి ఊళ్ళకు పోయే కూలీలు మూటలతో ఉండేవాళ్ళు. అడవి ఊళ్ళ నుంచి ఇప్పపూవు, వెదురు గంపలు తెచ్చిన మాడియా వాళ్ళు ఉండేవాళ్ళు. కాళేశ్వరం ముక్తేశ్వర స్వామి గుడికి పోయే ముసలమ్మలు ఉండేవాళ్ళు. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకటి కాలుడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. ఆ కథను ప్రతిసారీ ఒక ముసలమ్మ ఎత్తుకునేది, ఇంకో ముసలమ్మ సరిదిద్దేది. తాలూకా ఆఫీసుకు కొత్తగా బదిలీ మీద వచ్చిన మరాఠీ గుమాస్తా ఒకాయన తొలిసారి వచ్చినప్పుడు మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. ఆయన పక్కనున్న రైతు తన తువ్వాల ఇసుక మీద పరిచి "బసా సాహెబ్, నివాంత్ బసా" అన్నాడు. ఆయన చెప్పులు విడిచి కూర్చున్నాడు. కాసేపటికి తన డబ్బా విప్పి అందరికీ తలా కొంచెం శేంగదాణా చట్నీ పంచాడు. మాది పల్లీల పొడి, అలాంటిదే, కాకపోతే మేం ఇంకొంచెం కారం వేస్తాం. మరుసటి నెల నేను మళ్ళీ చూసేసరికి ఆయన ముసలమ్మల కథకు ఊ కొడుతున్నాడు.

ఇక్కడ నాకు గట్టిగా అనిపించే మాట ఒకటుంది. ఆ రేవులో ఎవరూ ఒంటరిగా సేద తీరలేదు. నిమ్మళంగ కూసో అన్నా, నివాంత్ బస్ అన్నా, ఆ మాట అన్న మనిషి కూడా పక్కనే కూర్చునేవాడు. వెళ్ళి పడుకో, నన్ను వదిలెయ్ అనే అర్థంలో ఆ మాటలు నేను ఎప్పుడూ వినలేదు. ఇంట్లోనూ అంతే. ఎండాకాలం మధ్యాహ్నం బయటికి అడుగు పెట్టలేం. మట్టి ఇంట్లో, చీకటి గదిలో, నేల మీద నీళ్ళు చల్లి అందరం వరసగా పడుకునేవాళ్ళం. అంబలి తాగి, విసనకర్ర ఒకరి తర్వాత ఒకరం తీసుకునేవాళ్ళం. ఎవరి వంతు వస్తే వాళ్ళు మిగిలినవాళ్ళకు విసరాలి. నిద్ర రాని అత్తమ్మలు గొంతు తగ్గించి ముచ్చట్లు పెట్టుకునేవాళ్ళు. ఆ గుసగుసల్లోనే మా కుటుంబాల చరిత్ర అంతా నేను విన్నాను. ఎవరి పెళ్ళి ఎందుకు ఆగింది, ఏ ఏడు వరద ఎంతదాకా వచ్చింది, ఎవరు నది దాటి వెళ్ళి మళ్ళీ రాలేదు, అన్నీ. కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. చూస్తే ఆపేస్తారు కదా.

సాయంత్రం అయితే మగపిల్లలం రసవంతి దగ్గరికి చేరేవాళ్ళం. చెరకు రసం దుకాణాన్ని మావైపు అలాగే అంటారు. చెరకు గానుగ చక్రానికి గజ్జెలు కట్టి ఉండేవి. గజ్జెల చప్పుడు వినిపిస్తే ఎండ తగ్గినట్టు లెక్క. పెద్దవాళ్ళు పాన్ ఠేలా దగ్గర నిలబడేవాళ్ళు. అక్కడ పొగాకు, వక్క కలిపిన ఖర్రా రుద్దే చప్పుడు. ఆ పొగాకు వల్ల మా ప్రాంతంలో ఎంతమంది నోళ్ళు పాడయ్యాయో తెలుసు కాబట్టి దాని గురించి ముద్దుగా రాయలేను. కానీ అక్కడ నడిచిన మాటలు మాత్రం మంచి మాటలు. మరాఠీలో 'గప్పా మారణే' అంటారు, కూర్చుని కబుర్లు చెప్పుకోవడాన్ని. మన వాళ్ళు 'గప్పాలు కొట్టుడు' అంటారు. మారణే అన్నా కొట్టడమే. వాళ్ళు 'మార్' అంటే మనం 'కొట్టు' అంటాం, దెబ్బ తినేది పొద్దే. నాగపూర్ పిల్లలు ఇంగ్లీషు చిల్‌కు ఆ 'మార్'నే తగిలించారు. గప్పా మార్, చక్కర్ మార్, చిల్ మార్. వచ్చింది పరాయి మాటే అయినా దాని తోక మాత్రం మా పాన్ ఠేలా దగ్గర పుట్టిందే.

ఆ పరాయి మాట ఎక్కడిదో తెలుసుకోవాలన్న కోరిక నాకు ఆలస్యంగా కలిగింది. చంద్రపూర్‌లో ఉద్యోగంలో చేరాక, ఆఫీసులో కుర్రాళ్ళ నోట రోజూ వినిపిస్తుంటే వెతికి చదివాను. ఇంగ్లీషులో చిల్ అంటే చలి, వణికించే చల్లదనం. పాత ఇంగ్లీషులో చలికి ఉన్న మాట నుంచే వచ్చింది. కోల్డ్, కూల్ దాని అక్కచెల్లెళ్ళే. ఒళ్ళు జలదరించే భయానికి కూడా ఆ మాటే వాడతారు. చలి దేశంలో అది సుఖమైన మాట కాదు. దాన్ని విశ్రాంతిగా మార్చింది అమెరికాలో నల్లజాతి యువకులు. 'చిల్ అవుట్' అంటే శాంతించు, కాస్త ఊపిరి తీసుకో అనే అర్థం 1970ల చివరికి రాతలో కనిపిస్తుంది. న్యూయార్క్‌లో హిప్‌హాప్ పాటలు పుడుతున్న కాలం అది. 1980ల నడిమికి చిల్ అంటే స్నేహితులతో ఊరికే కాలం గడపడం అనే అర్థం కూడా వచ్చేసింది. అంతకు ముందు జాజ్ సంగీతకారులు కూల్ అనే మాటను అలాగే తిప్పారు. సాక్సఫోన్ వాయించిన లెస్టర్ యంగ్ పేరు ఆ సందర్భంలో ఎక్కువగా చెబుతారు.

ఇంకా వెనక్కి వెళ్తే పశ్చిమ ఆఫ్రికా వస్తుంది. అక్కడి యొరూబా భాషలో 'ఇతుతు' అంటే చల్లదనం. అది వాతావరణం గురించిన మాట మాత్రమే కాదు, మనిషి గుణం. కష్టంలో చెదరకుండా, కోపంలో తూలకుండా, ఉదారంగా ఉండే మనిషికి ఆ చల్లదనం ఉందంటారు. రాబర్ట్ ఫారిస్ థాంప్సన్ అనే అమెరికన్ కళా చరిత్రకారుడు 1973లో దీని మీద వ్యాసం రాశారు. అమెరికా నల్లవాళ్ళ కూల్‌కు వేర్లు అక్కడ ఉన్నాయని ఆయన వాదం. బానిసలుగా ఓడల్లో తరలించిన మనుషులు భాష పోగొట్టుకున్నా చల్లదనాన్ని గౌరవించే అలవాటు పోగొట్టుకోలేదన్నమాట. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా నాయినమ్మ దీవెన గుర్తొచ్చింది. "చల్లగుండు బిడ్డా."

వేడి దేశాల వాళ్ళకు చల్లదనమే సంపద. మన తెలుగులో ఎన్ని చోట్ల ఉందో చూడండి. చల్లని చూపు, చల్లని మనసు, చల్లని తల్లి. మంచి చేసినవాళ్ళను నీ కడుపు చల్లగుండ అంటాం. ఒంటి మీద అమ్మవారు పోస్తే వేపాకులు పరిచి, తగ్గాక తల్లి చల్లబడింది అంటాం. మా ఊరి పోచమ్మకు పెరుగన్నం పెట్టేది ఆమెను చల్లబరచడానికే. మరాఠీ వాళ్ళు కోపం వచ్చినవాడితో 'డోకం థండ్ ఠేవ్' అంటారు, తల చల్లగా పెట్టుకో అని. మే నెలలో 46, 47 డిగ్రీలు చూసే చంద్రపూర్‌లో కూర్చుని ఇవన్నీ తలుచుకుంటే, చిల్ అనే మాట చలి దేశం నుంచి బయల్దేరి, ఎండ దేశాల జ్ఞాపకం ఉన్నవాళ్ళ నోట్లో పడ్డాకే మంచి మాట అయిందని నాకు అనిపించింది.

మా బాపుకు, అంటే నాన్నకు, మాత్రం ఆ మాట పడేది కాదు. ఆయన జీవితమంతా టేకు డిపోలో పనిచేశారు. దుంగల లెక్క రాసుకోవడం, కొలవడం, ఎండలో నిలబడడం. పనీపాటా లేనివాళ్ళ మాట అది అనేవారు. "పొద్దుందాక ఫోన్ సూసుడు, చిల్ అనుడు. ఏం పని చేసిండ్రని అలసిండ్రు?" అని మా తమ్ముడి పిల్లల్ని కోప్పడేవారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. అలసట లేకుండా వచ్చే విశ్రాంతికి రుచి ఉండదని ఆయనకు బాగా తెలుసు.

కానీ ఆయన సాయంత్రాలు నాకు గుర్తున్నాయి. డిపో నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ముఖం మీద నీళ్ళు చల్లుకుని, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేవారు. అమ్మ చెంబుతో చల్ల తెచ్చిచ్చేది. ఆ చల్ల తాగేదాకా ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. తాగాక తువ్వాలతో మీసం తుడుచుకుని "ఏం సంగతిరా" అనేవారు. అప్పుడు మా ఫిర్యాదులు, మార్కులు, అడిగి పెట్టుకున్న పుస్తకాలు అన్నీ ఒకదాని మీద ఒకటి. పక్కింటి కాక వచ్చి కూర్చునేవాడు, ఎదురింటి తాత వచ్చేవాడు. చీకటి పడేదాకా అరుగు ఖాళీ అయ్యేది కాదు. అమ్మకు ఆ సమయంలో కూడా పొయ్యి దగ్గర పనే ఉండేదని ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఆమె నిమ్మళం ఎప్పుడు? మధ్యాహ్నం చీకటి గదిలో, విసనకర్ర వంతుల మధ్య, ఆ గుసగుసల్లో. అంతే దొరికేది ఆమెకు. మా ఆడవాళ్ళు విశ్రాంతిని దాచుకుని తిన్నారు.

బాపుతో ఒకసారి ఈ చిల్ గురించి వాదించాను. 1980ల చివర లండన్‌లో రాత్రంతా నాట్యం చేసే క్లబ్బులు ఉండేవని, అక్కడ వేడికి, మోతకు ఒళ్ళు తేలిపోయిన వాళ్ళ కోసం పక్కనే వేరే గది ఉండేదని, దాన్నే చిల్ అవుట్ గది అనేవాళ్ళని చెప్పాను. అక్కడ మెల్లని సంగీతం పెట్టి, ఎగిరి అలసినవాళ్ళు కూర్చుని చల్లబడేవాళ్ళు. ఆ పేరుతో తర్వాత ఒక సంగీతమే వచ్చింది. బాపు అంతా విన్నారు. "అలసినోడు కూసునుడు తప్పేం గాదు. మన పోచమ్మ జాతరల డప్పు కొట్టినోళ్ళు చెట్టు కిందికి పోయి కూసుంటరు గదా, గట్లనే" అన్నారు. తర్వాత కొంచెం ఆగి, "మరి ఆ గదిల సల్ల పోసేటోళ్ళు ఎవరు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అలసినవాడికి చెంబు అందించే మనిషి ఒకరు ఉంటారని ఆయన మనసులో స్థిరంగా ఉంది. విశ్రాంతి అంటే ఆయనకు ఆ చెంబు కూడా.

నాయినమ్మ పోయాక ఆ గోళెం చాలా రోజులు వాకిట్లోనే ఉంది. నల్లాలు వచ్చాయి, ఫిల్టర్లు వచ్చాయి, చిల్లగింజ అడిగేవాళ్ళు లేరు. మా తమ్ముడి పిల్లలకు నిమ్మళం అంటే తెలుసు, కానీ వాళ్ళు వాడరు. నివాంత్ వాడతారు, బడి భాష కాబట్టి. చిల్ అయితే చెప్పక్కర్లేదు. పిల్లలు తమ కాలం మాట తాము ఎంచుకోవడంలో నాకు దుఃఖం లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఆ మాట అన్నవాళ్ళు అవతలివాడి పక్కన కూర్చుంటున్నారా లేదా అని చూస్తుంటాను. మా కాక కొడుకు ఇప్పుడు పుణెలో ఉంటాడు. ఉద్యోగంలో టెన్షన్ ఎక్కువై వాడు ఒక దశలో ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు. ఫోన్ చేసి చిల్ మార్ అని చెప్పినవాళ్ళు బోలెడుమంది. మా బాపు చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి, వాడి ఇంట్లో వారం పైనే ఉన్నారు. ఏం మాట్లాడారని వాడిని అడిగితే "ఏం లేదు, పొద్దున్నే ఇద్దరం బాల్కనీలో చాయ్ తాగేటోళ్ళం" అన్నాడు. అప్పటి నుంచి వాడు కొంచెం కొంచెంగా తేరుకున్నాడు. వాడి గురించి బాపు ఇంటికొచ్చి అన్న మాట, "పోరడు నిమ్మళించిండు."

మొన్నటి పండుగ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు సాయంత్రం వంతెన దాకా నడిచాను. ఎండ తగ్గాక అక్కడ గాలికి జనం చేరతారు. బైకులు ఆపుకుని కాలేజీ కుర్రాళ్ళు ఉన్నారు. ఒకడు వెళ్ళిపోతానంటుంటే ఇంకొకడు వాడి చొక్కా పట్టుకుని "యే ఆగురా, జర నివాంత్ కూసో, చిల్ మారుదాం" అన్నాడు. మూడు భాషలూ ఒక్క వాక్యంలో, ఎక్కడా తడుముకోకుండా. నేను పక్కన నిలబడి ఉండడం చూసి, "హైదరాబాద్ నుంచి వచ్చిండ్రా సర్?" అని అడిగారు. కాదు, ఈ ఊరే అని మా ఇంటి పేరు చెప్పాను. అందులో ఒకడికి మా బాపు తెలుసు. "టేకు డిపో తాత" అన్నాడు. జరిగి చోటిచ్చారు. ఆ రోజు మిర్చి ధర బాగా పడిపోయిందట. చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.